కార్ట్‌లో ప్లస్, మైనస్ బటన్లు పెట్టుకోవడం ఎలా?

మా పిన్ని ఊరగాయల షాపుకి వెబ్‌సైట్ చేసిపెట్టింది నేనే. మొదట్లో కార్ట్ పేజీలో సంఖ్య వేసుకునే చిన్న పెట్టె ఒక్కటే ఉండేది. కంప్యూటర్‌లో మౌస్ దాని మీద పెడితే పక్కన బుల్లి బాణాలు కనిపిస్తాయి కాబట్టి నాకు ఏ ఇబ్బందీ తెలియలేదు. ఫోన్‌లో ఆ బాణాలు రావు. పెట్టె మీద వేలు పెట్టగానే కీబోర్డు లేచి సగం స్క్రీన్ మింగేస్తుంది. ఉన్న 1 చెరపకుండా 2 కొడితే 12 అయిపోతుంది. ఒక పెద్దాయన రెండు సీసాల ఆవకాయ కొందామని వచ్చి, పన్నెండు సీసాల బిల్లు చూసి కంగారుపడి, చివరికి ఫోన్ చేసి ఆర్డర్ చెప్పారు.

సరే అని పెట్టెకి అటూ ఇటూ ప్లస్, మైనస్ బటన్లు పెట్టాను. పది నిమిషాల పని అనుకున్నాను. అదే సాయంత్రం పిన్ని ఫోన్: "ఏరా, ఒక్కసారి నొక్కితే పదకొండు వచ్చిందేంటి? దుకాణంలో ఉన్నవే ఎనిమిది సీసాలు!"

పెట్టెలోంచి తీసుకున్న 1 జావాస్క్రిప్ట్‌కి అంకె కాదు, అక్షరం. అక్షరం పక్కన ఒకటి కలపమంటే పక్కనే అతికిస్తుంది. అందుకే పదకొండు. ఇంకోసారి నొక్కితే నూట పదకొండు. అలాంటి గుంటలు ఈ చిన్న పనిలో అరడజను దాకా ఉన్నాయి. అన్నిట్లోనూ పడి లేచాక, పని వరుసగా ఎలా చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

చెప్పేదంతా వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ మీద, దాన్ని దుకాణంగా మార్చే వూకామర్స్ అనే ప్లగిన్‌తో (అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్‌తో) నడిచే షాపు గురించి. షాపు సొంత కోడ్‌తో కట్టుకున్నవాళ్లకి కూడా మూడు వంతులు అలాగే పనికొస్తుంది. ఒక మాట: కోడ్‌లోని పేర్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. వూకామర్స్ పేర్లలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోర్ ఉంటుంది, అన్నీ చిన్న అక్షరాలే.

అసలు మీకు ఈ పని అవసరమా?

ముందు ఇది చూసుకోండి, ఒక రోజు మిగలొచ్చు. 2023 నవంబరులో వచ్చిన వూకామర్స్ 8.3 నుంచి, కొత్తగా తెరిచే షాపులకు కార్ట్ పేజీ బ్లాకులతో (పేజీని కట్టే రెడీమేడ్ ముక్కలతో) తయారై వస్తోంది. ఆ బ్లాకుల కార్ట్‌లో ప్లస్, మైనస్ బటన్లు ముందే ఉన్నాయి. డాష్‌బోర్డులో పేజీలు తెరిచి, కార్ట్ పేజీని ఎడిట్‌లో చూడండి. కార్ట్ బ్లాక్ కనిపిస్తే కార్ట్ పేజీ వరకు మీరు చేయాల్సింది ఏమీ లేదు, కింద చెప్పే హుక్కులు (మన కోడ్ తగిలించుకోవడానికి వూకామర్స్ వదిలిన చోట్లు) అక్కడ పనిచేయవు కూడా. చదరపు బ్రాకెట్లలో వూకామర్స్ కార్ట్ అనే షార్ట్‌కోడ్ ఒక్కటే ఉంటే మీది పాత పద్ధతి కార్ట్. ఈ వ్యాసం మీకోసమే.

కొన్ని థీమ్‌లు (సైట్ రూపాన్ని నిర్ణయించే ఫైళ్ల కట్టలు) బటన్లను తమతోనే తెస్తాయి. థీమ్ సెట్టింగుల్లో ఒకసారి వెతకండి. వాటి పక్కన మనవి కూడా పెడితే రెండు ప్లస్‌లు, రెండు మైనస్‌లు కనిపించి చూసేవాళ్లకి నవ్వొస్తుంది. షాపిఫై అనే రెడీమేడ్ షాపు సర్వీసు వాడేవాళ్లకీ ఇదే మాట: డాన్ లాంటి ఉచిత థీమ్‌లోనే బటన్లు ఉన్నాయి, ఉన్నవాటి రంగు, సైజు మార్చుకుంటే సరిపోతుంది.

కోడ్ ముట్టుకునే ముందు

మార్పులు చైల్డ్ థీమ్‌లో, అంటే అసలు థీమ్ మీద ఆధారపడే మీ సొంత చిన్న థీమ్‌లో, చేయండి. అసలు థీమ్ ఫైళ్లలో రాస్తే, తర్వాతి అప్‌డేట్ వచ్చిన రోజున మీరు రాసిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఫంక్షన్స్ అనే పీహెచ్‌పీ ఫైల్‌ని ముట్టుకునే ముందు దాన్ని ఒక కాపీ తీసి కంప్యూటర్‌లో దాచుకోండి. అందులో ఒక్క సెమీకోలన్ మర్చిపోయినా సైట్ మొత్తం తెల్లబోతుంది. అలా జరిగితే హోస్టింగ్ వాళ్ల ఫైల్ మేనేజర్ తెరిచి పాత కాపీ పెట్టేస్తే సైట్ లేచి కూర్చుంటుంది. ఆ ఫైల్ మేనేజర్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, అప్పుడు వెతుక్కుంటే టెన్షన్.

పండగ ముందు రోజున, ఆదివారం సాయంత్రాన ఈ పని పెట్టుకోకండి. మా షాపులో ఆర్డర్లు ఎక్కువ వచ్చేది అప్పుడే.

మొదటి అడుగు: బటన్లకి చోటు

సంఖ్య వేసే పెట్టెని వూకామర్స్ ఒక చిన్న టెంప్లేట్ ఫైల్‌తో గీస్తుంది. వస్తువు పేజీలోనూ కార్ట్‌లోనూ అదే ఫైల్. ఆ ఫైల్‌ని కాపీ చేసుకుని దిద్దుకోవచ్చు గానీ నేను వద్దంటాను. వూకామర్స్ ఆ టెంప్లేట్‌ని మార్చినప్పుడల్లా మీ కాపీ పాతబడి, డాష్‌బోర్డులో హెచ్చరికలు మొదలవుతాయి. దానికంటే హుక్కులు మేలు. పెట్టెకి ముందు ఒకటి, తర్వాత ఒకటి, రెండు హుక్కులు వూకామర్స్ వాళ్లే వదిలారు. ముందుదాని పేరు వూకామర్స్ బిఫోర్ క్వాంటిటీ ఇన్‌పుట్ ఫీల్డ్. రెండోదానిలో బిఫోర్ బదులు ఆఫ్టర్ ఉంటుంది, తక్కిందంతా అదే.

చైల్డ్ థీమ్ ఫంక్షన్స్ ఫైల్‌లో రెండు చిన్న ఫంక్షన్లు రాయండి. మొదటిది మైనస్ బటన్ ట్యాగ్‌ని ఎకో చేయాలి (పేజీలోకి రాయాలి), రెండోది ప్లస్ బటన్‌ని. మొదటిదాన్ని యాడ్ యాక్షన్‌తో బిఫోర్ హుక్కుకి, రెండోదాన్ని ఆఫ్టర్ హుక్కుకి తగిలించండి. అంతే, కార్ట్ పేజీ తెరిస్తే బటన్లు కనిపిస్తాయి. నొక్కితే ఏమీ జరగదు, జరగకూడదు కూడా.

బటన్లకి క్లాస్ పేర్లు, అంటే కోడ్ వాటిని గుర్తుపట్టే పేర్లు, ఇవ్వాలి. నేను మైనస్‌కి తగ్గించు, ప్లస్‌కి పెంచు అని తెలుగు అక్షరాల్లోనే పెట్టాను. చాలామందికి తెలియదు గానీ, ఫైల్ యూటీఎఫ్-8లో సేవ్ అయి ఉంటే క్లాస్ పేరు తెలుగులో ఉన్నా హెచ్‌టీఎంఎల్‌కి, సీఎస్ఎస్‌కి, జావాస్క్రిప్ట్‌కి ఏ అభ్యంతరమూ లేదు. రేపు మీ కోడ్ చూసే డెవలపర్‌కి తెలుగు రాకపోతే మాత్రం తిట్టుకుంటాడు. ఆ సంగతి ఆలోచించుకుని పెట్టండి.

మైనస్ కోసం కీబోర్డు మీద ఉండే హైఫన్ కొట్టకండి. అది పొట్టిగా, కిందకి జారినట్టు ఉంటుంది. యూనికోడ్‌లో అసలైన మైనస్ గుర్తు వేరే ఉంది, ప్లస్‌కి సరిజోడీ.

రెండో అడుగు: బటన్ టైప్ రాయండి

ఒక్క మాటే గానీ ఎక్కువమంది పడేది ఇక్కడే. ఫారం లోపల ఉన్న బటన్‌కి టైప్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్ (ఫారం పంపే బటన్) అనుకుంటుంది. వస్తువు పేజీలో ప్లస్ నొక్కగానే వస్తువు కార్ట్‌లో పడిపోయిందంటే కారణం ఇదే. రెండు బటన్లలోనూ టైప్ అనే చోట బటన్ అని రాయండి.

ఇందులోనే ఇంకో చిక్కు దాగుంది. పెట్టెలో సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కితే, బ్రౌజర్ ఆ ఫారంలో వరుసలో మొదట కనిపించే సబ్మిట్ బటన్‌ని నొక్కినట్టు లెక్కేస్తుంది. టైప్ మర్చిపోయిన మైనస్ బటన్ ఫారంలో అన్నిటికంటే ముందుంటే, 5 కొట్టి ఎంటర్ నొక్కినవాళ్లకి 4 రావచ్చు. జావాస్క్రిప్ట్ లేకుండా, ప్రతి బటన్‌నీ కావాలనే సబ్మిట్‌గా పెట్టి సొంత షాపు కట్టుకునేవాళ్లు ఉన్నారు. అది మంచి పద్ధతే. కానీ వాళ్లు ఫారం మొదట్లోనే మామూలు "కార్ట్ మార్చు" బటన్ ఒకటి పెట్టాలి. లేకపోతే ఎంటర్ కొట్టిన ప్రతిసారీ మొదటి వస్తువు ఒకటి తగ్గిపోతుంది.

మూడో అడుగు: నొక్కితే పెట్టె మారాలి

చైల్డ్ థీమ్‌లో ఒక జావాస్క్రిప్ట్ ఫైల్ పెట్టి, డబ్ల్యూపీ ఎన్‌క్యూ స్క్రిప్ట్‌తో దాన్ని కార్ట్ పేజీలో, వస్తువు పేజీలో మాత్రమే లోడ్ చేయించండి. మొదటి పేజీకీ, మీ చిరునామా పేజీకీ ఆ బరువు ఎందుకు?

ఇక్కడ మొదట తేల్చుకోవాల్సింది లెక్క ఎక్కడ ఉండాలన్నది. నేను మొదట్లో సంఖ్యని ఒక వేరియబుల్‌లో దాచుకుని, బటన్ నొక్కినప్పుడల్లా దాన్ని పెంచి పెట్టెలో రాసేవాణ్ని. ఎవరైనా పెట్టెలో చేత్తో 6 కొట్టి తర్వాత ప్లస్ నొక్కితే, నా వేరియబుల్ ఇంకా 1 దగ్గరే కూర్చుని, 6ని తీసి 2 చేసేది. లెక్క పెట్టెలోనే ఉండాలి. బటన్ ఆ పెట్టెని కదిపే చెయ్యి మాత్రమే.

కదపడానికి కూడికలు కూడా అక్కర్లేదు. నంబర్ టైప్ ఇన్‌పుట్‌కి స్టెప్‌అప్, స్టెప్‌డౌన్ అనే రెండు పద్ధతులు బ్రౌజర్‌లోనే ఉన్నాయి. పెట్టె మీద స్టెప్‌అప్ పిలిస్తే, దాని స్టెప్ ఎంత ఉంటే అంత పెరుగుతుంది. మ్యాక్స్ (పై హద్దు) దాటదు, మిన్ (కింది హద్దు) కిందకి దిగదు. పదకొండు గోల అక్కడితో పోతుంది.

లేదు, నేనే కూడతాను అంటారా? అయితే ఈ గుంట చూసుకోండి. స్టాక్ లెక్క పెట్టని వస్తువుకి వూకామర్స్ మ్యాక్స్‌ని ఖాళీగా వదులుతుంది. ఆ ఖాళీని జావాస్క్రిప్ట్‌లో నంబర్‌గా మారిస్తే సున్నా వస్తుంది. సున్నా కంటే పెద్దవి వద్దని మీ కోడ్ మొండికేస్తుంది, ప్లస్ ఎంత నొక్కినా కదలదు. కంది పొడికి పనిచేసిన బటన్ గోంగూరకి ఎందుకు పనిచేయడం లేదని నేను ఒక పూట జుట్టు పీక్కున్నాను. కంది పొడికి స్టాక్ లెక్క ఉంది, గోంగూరకి లేదు. తేడా అంతే.

ఇప్పుడు లిజనర్, అంటే బటన్ నొక్కడాన్ని కనిపెట్టుకుని ఉండే కోడ్. ప్రతి బటన్‌కీ విడివిడిగా క్లిక్ లిజనర్ తగిలించకండి. కార్ట్ మారిన ప్రతిసారీ వూకామర్స్ ఆ ఫారం మొత్తాన్ని తీసేసి సర్వర్ నుంచి వచ్చిన కొత్త ఫారం పెడుతుంది. పాత బటన్లతోపాటు వాటి లిజనర్లూ పోతాయి. ఒకసారి పనిచేసి రెండోసారి చచ్చిపోయే బటన్లు అంటే దాదాపు ఇదే కారణం. డాక్యుమెంట్ మొత్తానికి ఒకే ఒక్క క్లిక్ లిజనర్ పెట్టండి. అది చేయాల్సిన పని వరుసగా ఇది:

నొక్కిన చోటు నుంచి క్లోజెస్ట్‌తో పైకి వెతికి, పెంచు గానీ తగ్గించు గానీ క్లాస్ ఉన్న బటన్ దొరకకపోతే అక్కడితో ఆగిపోవాలి.

దొరికితే ఆ బటన్ నుంచి మళ్లీ క్లోజెస్ట్‌తో క్వాంటిటీ అనే క్లాస్ ఉన్న డివ్ దాకా వెళ్లి, దానిలో క్యూటీవై క్లాస్ ఉన్న ఇన్‌పుట్‌ని పట్టుకోవాలి. పేజీ మొత్తంలో వెతికితే ఎప్పుడూ మొదటి వస్తువే దొరుకుతుంది. సున్నుండల దగ్గర నొక్కితే ఆవకాయ పెరుగుతుంది.

పెంచు అయితే స్టెప్‌అప్, తగ్గించు అయితే స్టెప్‌డౌన్. నొక్కడానికి ముందు, తర్వాత విలువ ఒకటే అయితే హద్దు తగిలినట్టు. ఇంకేమీ చేయనక్కర్లేదు.

మారితే, ఆ ఇన్‌పుట్ మీద చేంజ్ ఈవెంట్‌ని (మారిందన్న కబురుని) డిస్పాచ్ చేయాలి, అంటే పంపాలి, అది పైదాకా చేరేలా బబుల్స్ అనేదాన్ని ట్రూ పెట్టి.

ఈ చివరి మాట లేకపోతే మిగతాదంతా దండగ. స్టెప్‌అప్ సంఖ్యని మారుస్తుంది గానీ మార్చానని ఎవరికీ చెప్పదు. మనిషి చేత్తో కొడితే బ్రౌజరే చేంజ్ ఈవెంట్ పంపుతుంది. కోడ్ మారిస్తే పంపదు. వూకామర్స్ కార్ట్‌లో "కార్ట్ మార్చు" బటన్ మొదట నిద్రపోతూ ఉంటుంది, చేంజ్ గానీ ఇన్‌పుట్ గానీ ఈవెంట్ వచ్చాకే లేస్తుంది. పెట్టెలో 3 కనిపిస్తున్నా కింది మొత్తం ఒక సీసాకే ఉండి, మార్చే బటన్ బూడిద రంగులో ఉందంటే ఆ కబురు అందలేదన్నమాట.

జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడేవాళ్లకి ట్రిగ్గర్ చేంజ్ అని రాసే అలవాటు ఉంటుంది. వూకామర్స్ పాత కార్ట్ కోడ్ కూడా జేక్వెరీలోనే ఉంది కాబట్టి దానికి ఆ కబురు అందుతుంది. మామూలు జావాస్క్రిప్ట్‌తో వినే ప్లగిన్‌లకి మాత్రం అందదు. మామూలు డిస్పాచ్ ఇద్దరికీ వినిపిస్తుంది, అందుకే నేను అదే వాడతాను.

రంగు, బరువు ఎంచుకునే వస్తువుల పేజీలో, 250 గ్రాముల నుంచి కిలోకి మారితే వూకామర్స్ ఆ పెట్టె మ్యాక్స్‌నీ మారుస్తుంది. పేజీ తెరుచుకున్నప్పుడే హద్దులు చదివి దాచుకునే తెలివి చూపించొద్దు. స్టెప్‌అప్ నొక్కిన క్షణంలో ఉన్న హద్దునే చూస్తుంది కాబట్టి మనకి ఆ బెంగ లేదు.

ఒకటి దగ్గర మైనస్ నొక్కితే?

పాత కార్ట్‌లో మిన్ సున్నా. అంటే ఒకటి దగ్గర మైనస్ నొక్కితే సున్నా అవుతుంది, కార్ట్ మారగానే ఆ వస్తువు మాయమవుతుంది. అదే బాగుందని కొందరంటారు. నాకు నచ్చలేదు. మూడు నుంచి ఒకటికి దిగాలని గబగబా నొక్కేవాళ్ల వేలు ఒకసారి ఎక్కువ పడుతుంది. తీసేయడానికి ప్రతి వస్తువు పక్కనా ఇంటూ గుర్తు ఉండనే ఉంది. దాన్ని నొక్కితే "వెనక్కి తెచ్చుకోండి" అనే లింకు కూడా వస్తుంది.

ఆపడం తేలిక. వూకామర్స్ క్వాంటిటీ ఇన్‌పుట్ ఆర్గ్స్ అనే ఫిల్టర్‌కి (విలువలు మార్చుకోనిచ్చే హుక్కుకి) ఒక ఫంక్షన్ తగిలించి, కార్ట్ పేజీ అయితే మిన్ వాల్యూని 1 చేసి తిరిగి ఇవ్వండి. కనీసం ఆరు జంతికల ప్యాకెట్లు, ఆరేసి చొప్పునే అమ్ముతాం అనుకునేవాళ్లు అదే ఫిల్టర్‌లో మిన్ వాల్యూ 6, స్టెప్ 6 పెట్టుకోవచ్చు. బటన్లు వాటంతటవే ఆరు నుంచి పన్నెండుకి ఎగురుతాయి. ఒక సంగతి: ఇది బ్రౌజర్‌లో కాపలా మాత్రమే. ఆరుకి తక్కువ కొనకూడదన్నది వ్యాపార నియమం అయితే సర్వర్ వైపు కూడా చూసుకోవాలి.

అరకిలో, కిలోన్నర అని స్టెప్ 0.5 పెట్టాలని చాలామంది అడుగుతారు. పెట్టొచ్చు, కానీ వూకామర్స్ స్టాక్‌ని పూర్ణ సంఖ్యగానే లెక్కేసుకునేలా తయారైంది. దాన్ని మార్చాక ఆర్డర్లలో, స్టాక్‌లో, బిల్లింగ్ ప్లగిన్‌లో ఒక్కోచోట ఒక్కో రకంగా తేలుతుంది. పైగా జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే వచ్చేది 0.30000000000000004. కార్ట్‌లో అది కనిపిస్తే కొనేవాళ్లు పారిపోతారు. 250 గ్రాములు, అరకిలో, కిలో అని వేరియేషన్లు పెట్టి, సీసాల సంఖ్యని మాత్రం బటన్లకి వదలండి. ఊరగాయల కొట్టులో ఎప్పుడూ అమ్మేది అలాగే కదా.

ఒక్కటే అమ్మే వస్తువులు, అంటే వూకామర్స్‌లో సోల్డ్ ఇండివిడ్యువల్లీ టిక్ పెట్టినవి, వేరే కేసు. వాటికి పెట్టె దాగి ఉంటుంది, లేదా చదవడానికి మాత్రమే ఉంటుంది. బటన్లు మాత్రం మిగిలిపోయి, దేన్నీ కదపలేక నిలబడతాయి. పేజీ తెరుచుకోగానే, ఫారం మారిన ప్రతిసారీ కూడా, ఇన్‌పుట్ టైప్ హిడెన్ గానీ రీడ్ఓన్లీ గానీ అయితే పక్కనున్న బటన్లని దాచేయండి.

నాలుగో అడుగు: మొత్తం దానంతటదే మారాలా?

బటన్ నొక్కాక మళ్లీ "కార్ట్ మార్చు" కూడా నొక్కాలంటే ఎవరికీ తోచదు. పెట్టెలో 3 ఉంది కదా అని నేరుగా చెకౌట్‌కి వెళ్తారు, అక్కడ ఒక సీసా బిల్లు కనిపిస్తుంది. కాబట్టి దానంతటదే మారడం మంచిది. అయితే ప్రతి నొక్కుకీ కాదు.

ప్రతి మార్పుకీ వూకామర్స్ సర్వర్‌ని అడుగుతుంది, ఫారం మీద పొర కప్పుతుంది, కొత్త ఫారం పెడుతుంది, పైన నోటీసు చూపించి పేజీని అక్కడికి జరుపుతుంది. ఐదు నొక్కులకి ఐదుసార్లు ఈ తంతు జరిగితే వేలి కింద బటనే ఉండదు. నొక్కడం ఆగేదాకా ఆగండి. చేంజ్ ఈవెంట్ డిస్పాచ్ చేసిన వెంటనే, పాత టైమర్ ఉంటే క్లియర్ టైమ్‌అవుట్‌తో రద్దుచేసి, సెట్ టైమ్‌అవుట్‌తో కొత్తది పెట్టండి. టైమర్ ముగిశాక, వూకామర్స్ కార్ట్ ఫారంలో అప్‌డేట్ కార్ట్ అనే నేమ్ ఉన్న బటన్‌ని వెతికి దాన్ని క్లిక్ చేయించండి. వస్తువు పేజీలో ఆ ఫారం ఉండదు కాబట్టి దొరకకపోతే ఊరుకోవాలి.

ఎంతసేపు ఆగాలి? నేను 300 మిల్లీసెకన్లతో మొదలుపెట్టాను. నాకు బానే ఉంది. పిన్ని ఒక్కో నొక్కు మధ్య కళ్లజోడు సర్దుకుంటుంది, ఆవిడకి సరిపోలేదు. 700 దగ్గర ఇద్దరికీ కుదిరింది. రెండు సెకన్లు పెడితే మాత్రం మొత్తం మారలేదనుకుని మళ్లీ నొక్కుతారు.

అసలు బటన్‌ని పేజీలోంచి పీకేయకండి, మన కోడ్ నొక్కేది దాన్నే. చూడ్డానికి అడ్డం అనిపిస్తే సీఎస్ఎస్‌తో దాచండి. అది కూడా జావాస్క్రిప్ట్ నడుస్తున్నప్పుడే: స్క్రిప్ట్ మొదట్లో బాడీకి ఒక క్లాస్ తగిలించి, ఆ క్లాస్ ఉంటేనే దాగేలా రాయండి. స్క్రిప్ట్ ఏదో కారణంగా ఆగిపోయిన రోజున కొనేవాళ్లకి పాత బటన్ అయినా దక్కుతుంది.

ఫారం మారాక ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు దేని మీద ఉందన్న గుర్తు) పోతుంది. మౌస్‌తో, వేలితో పనిచేసేవాళ్లకి తెలియదు, కీబోర్డుతో నడిపేవాళ్లకి పేజీ మొదటికి వచ్చిపడినట్టు ఉంటుంది. నొక్కిన ప్రతిసారీ, ఏ ఇన్‌పుట్ తాలూకు ఏ బటనో గుర్తుపెట్టుకోండి. ఇన్‌పుట్ నేమ్‌లో కార్ట్ వస్తువు గుర్తింపు ఉంటుంది కాబట్టి ఫారం మారినా అదే నేమ్ దొరుకుతుంది. అప్‌డేటెడ్ డబ్ల్యూసీ డివ్ అనే ఈవెంట్ రాగానే ఆ బటన్‌కి ఫోకస్ ఇవ్వండి. ఈ ఈవెంట్‌ని మాత్రం జేక్వెరీతోనే వినాలి, అది జేక్వెరీ ట్రిగ్గర్‌తో వచ్చేది.

ఐదో అడుగు: వేలికి అందాలి, చెవికి అర్థమవ్వాలి

బటన్లు 44 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు పెట్టండి. వెబ్ అందుబాటు ప్రమాణాల 2.2 వెర్షన్‌లో మామూలు స్థాయికి కనీసం 24 పిక్సెళ్లు అని ఉంది. 44 అన్నది పై స్థాయి. కారం చేత్తో ఫోన్ పట్టుకునేవాళ్లున్న ఇళ్లకి అమ్ముతున్నాం కాబట్టి నేను 44కి తగ్గను.

క్వాంటిటీ డివ్‌కి డిస్‌ప్లే ఫ్లెక్స్ ఇస్తే మూడూ ఒక వరుసలో నిలుస్తాయి. పెట్టెలోని అక్షరాల సైజు 16 పిక్సెళ్లకి తగ్గితే ఐఫోన్‌లో పెట్టె ముట్టుకోగానే పేజీ జూమ్ అవుతుంది. గబగబా రెండుసార్లు తడితే కూడా జూమ్ కాకుండా ఉండాలంటే బటన్లకి టచ్ యాక్షన్ మానిప్యులేషన్ అని రాయండి. కంప్యూటర్‌లో కనిపించే బుల్లి బాణాలు ఇక అనవసరం. ఫైర్‌ఫాక్స్‌లో అప్పియరెన్స్ టెక్స్ట్‌ఫీల్డ్‌తో, క్రోమ్, సఫారీల్లో వాటి స్పిన్ బటన్ ఎలిమెంట్లకి అప్పియరెన్స్ నన్ అని పెట్టి తీసేయొచ్చు. టైప్ మాత్రం నంబర్‌గానే ఉంచండి. టెక్స్ట్‌గా మారిస్తే స్టెప్‌అప్ పనిచేయదు.

స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకి ఉత్త "ప్లస్, బటన్" అని వినిపిస్తే ఏ వస్తువుదో తెలియదు. ఆరియా లేబుల్‌లో (స్క్రీన్ రీడర్ చదివే పేరులో) వస్తువు పేరుతో కలిపి ఇవ్వాలి: "మామిడి ఆవకాయ, ఒకటి పెంచు". పెట్టెకి ముందు వూకామర్స్ కంటికి కనిపించని లేబుల్ ఒకటి పెడుతుంది, దానిలో వస్తువు పేరు ఉంటుంది. స్క్రిప్ట్‌తో ఆ పేరు తీసుకుని రెండు బటన్లకీ అతికించొచ్చు. మీ సైట్ ఇంగ్లీషులో ఉండి లేబుళ్లు తెలుగులో పెడితే, బటన్‌కి లాంగ్ అనే చోట తెలుగు కోడ్ ఇవ్వండి. లేకపోతే స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతోనే తెలుగు చదవబోతుంది.

హద్దు దగ్గర బటన్‌కి డిజేబుల్డ్ పెట్టడం చాలామంది అలవాటు. ఫోకస్ దాని మీద ఉండగానే బటన్ డిజేబుల్ అయితే కీబోర్డు వాడేవాళ్లు దారి తప్పుతారు. ఆరియా డిజేబుల్డ్ ట్రూ అని పెట్టి, రంగు తగ్గించండి. నొక్కినా స్టెప్‌అప్ ఎలాగూ కదలదు.

సర్వర్‌ని నమ్మండి, బ్రౌజర్‌ని కాదు

వూకామర్స్ స్టాక్‌ని సర్వర్ దగ్గర మళ్లీ చూసుకుంటుంది, కాబట్టి ఉన్నవి ఎనిమిదైతే తొమ్మిది పంపినా ఒప్పుకోదు. సొంతంగా షాపు కట్టుకున్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. మ్యాక్స్, మిన్ అన్నవి మర్యాదస్తులకి గీసిన గీతలు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్ తెరిచిన ఎవరైనా వాటిని అరక్షణంలో తీసేసి మైనస్ 1 పంపగలరు. సర్వర్ చూసుకోకపోతే మైనస్ ఒక సీసా ధర మొత్తంలోంచి తగ్గిపోతుంది, మీరే ఎదురు డబ్బులిచ్చి నెయ్యి పంపినట్టు అవుతుంది. వచ్చిన సంఖ్య పూర్ణాంకమా, ఒకటికి తక్కువ కాదా, స్టాక్‌కి లోపలే ఉందా అన్న మూడూ సర్వర్‌లో చూడండి. ధరని ఫారం నుంచి ఎప్పుడూ తీసుకోకండి, డేటాబేస్ నుంచే తీయండి.

వదిలే ముందు

మీ కంప్యూటర్‌లో కాదు, మామూలు ఫోన్‌లో చూడండి. కార్ట్‌లో మూడు రకాల వస్తువులు వేయండి: స్టాక్ లెక్క ఉన్నది, లేనిది, ఒక్కటే అమ్మేది. మధ్యలోదాని ప్లస్ గబగబా ఐదుసార్లు నొక్కి, అదే వస్తువు, సరిగ్గా ఐదే పెరిగిందో లేదో చూడండి. మొత్తం మారాక ఇంకోసారి నొక్కండి, చచ్చిపోయే బటన్లు బయటపడేది ఈ రెండో నొక్కులోనే. పెట్టెలో చేత్తో 4 కొట్టి ఎంటర్ నొక్కండి. తర్వాత కంప్యూటర్‌లో మౌస్ పక్కనపెట్టి ట్యాబ్, స్పేస్ కీలతోనే ఒక ఆర్డర్ చెకౌట్ దాకా తీసుకెళ్లండి. చివరగా, ఇంకెవరి చేతికైనా ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా, "రెండు సీసాలు కొను" అని ఊరుకోండి. ఆ నిమిషంలో తెలిసినన్ని తప్పులు నాకు నెల రోజుల్లో తెలియలేదు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా ఎవరి ఫోన్‌లోనో బటన్లు కనిపించకపోతే క్యాష్ (దాచిపెట్టిన పాత కాపీ) వైపు చూడండి. క్యాష్ ప్లగిన్ ఉంటే కార్ట్, చెకౌట్ పేజీలని దానిలోంచి మినహాయించాలి, జావాస్క్రిప్ట్ ఫైళ్లన్నీ కలిపేసే సెట్టింగ్ ఉంటే ఒకసారి ఆపి చూడాలి. స్క్రిప్ట్ మార్చిన ప్రతిసారీ ఎన్‌క్యూ చేసే చోట వెర్షన్ నంబర్ కూడా పెంచండి, లేకపోతే బ్రౌజర్ పాత ఫైల్‌నే పట్టుకు వేలాడుతుంది. నేను అది మర్చిపోయినందుకు, అంతా సరిచేసిన రెండు రోజుల తర్వాత కూడా పిన్ని ఫోన్‌లో ఒక్క నొక్కుకి పదకొండు సీసాలే వచ్చాయి.